అవ్వ చదివిన బోర్డు

నెల్లూరు జిల్లాలో సాక్షరతా ఉద్యమం జోరుగా సాగిన 1991లో మా అవ్వకి యాభై ఎనిమిదేళ్ళు. రాత్రి అన్నాలయ్యాక పలక చంకన పెట్టుకుని బడికి పోయేది. కొన్ని నెలలకి ఒకరోజు బస్టాండులో ఎర్రబస్సు బోర్డు చూస్తూ నిలబడిపోయింది.

"ఆ... త... దీని కింద ఇదేందిరా?"

"మ ఒత్తవ్వా."

"ఆత్... ఆత్మ... కూ... రు." ఒక్క క్షణం ఊరుకుని, "ఆత్మకూరు!" అని గట్టిగా అనేసింది. అన్నేళ్ళుగా ఆ బస్సుని ఎవరో ఒకర్ని అడిగి ఎక్కిన మనిషి.

అవ్వ చేసిన పని ఎంత పెద్దదో నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు. పసిబిడ్డకి మాటలు ఎవరూ పాఠంలా చెప్పరు, చుట్టూ వినబడితే చాలు, వచ్చేస్తాయి. చదువు అలా రాదు. మనిషి రాయడం మొదలుపెట్టి సుమారు 5,000 ఏళ్ళే అయింది. చదవడం కోసమే మెదడులో ఒక భాగం పుట్టుకతో ఏర్పడటానికి ఆ కాలం ఏ మూలకీ చాలదు. అందుకే అక్షరాలు నేర్చుకునే ప్రతి మనిషీ వేరే పనికున్న చోటుని ఈ పనికి మలుచుకోవాల్సిందే.

ఆ చోటు ఎడమ చెవికి కాస్త వెనగ్గా, మెదడు అడుగున ఉంటుంది. ముఖాలనీ వస్తువులనీ పోల్చుకునే ప్రాంతమది. అది దెబ్బతింటే ఏమవుతుందో 1892లో జూల్ డెజెరిన్ అనే ఫ్రెంచి వైద్యుడు వివరించాడు. మెదడులో రక్తప్రసరణ ఆగిన ఒక రోగి చక్కగా మాట్లాడేవాడు, రాసేవాడు కూడా. తాను రాసిందే మళ్ళీ చదవమంటే మాత్రం చదవలేకపోయేవాడు.

మా అవ్వలాంటి వాళ్ళని కూడా శాస్త్రవేత్తలు పరీక్షించారు. ఫ్రాన్సుకి చెందిన స్టానిస్లాస్ డెహేన్ బృందం బ్రెజిల్, పోర్చుగల్‌లకు చెందిన 63 మందికి ఎమ్మారై స్కానింగు చేసి, 2010లో ఫలితాలు ప్రకటించింది. వాళ్ళలో కొందరు చిన్నప్పుడే బడికెళ్ళినవాళ్ళు, కొందరు పెద్దయ్యాక చదువు నేర్చినవాళ్ళు, కొందరు అసలు అక్షరం రానివాళ్ళు. చదివే సత్తా పెరిగేకొద్దీ ఆ చోటు అక్షరాలకి అంత బాగా స్పందించింది. పెద్దవయసులో నేర్చుకున్నవాళ్ళలోనూ అంతే. "ఈ వయసులో ఇంకేం ఎక్కుతుంది" అనే మాట నేను ఎవరి నోటా ఒప్పుకోను.

అవ్వ వాచకం మీద వేలు పెట్టి చదివేది. వేలు నెమ్మదిగా జరిగేది గానీ, కన్ను అలా జరగదు, గెంతుతుంది. ఒక కన్ను మూసి, ఆ రెప్పమీద వేలు మెల్లగా ఆనించి, రెండో కంటితో నాలుగు వరుసలు చదివి చూడండి. వేలి కింద కనుగుడ్డు టక్కుటక్కుమని కదలడం తెలుస్తుంది. ఒక్కోచోట దాదాపు పావు సెకను ఆగుతుంది, మళ్ళీ గెంతుతుంది. గెంతే ఆ రెప్పపాటులో మనకి దాదాపు ఏమీ కనబడదు. అయినా పేజీ ఎక్కడా తెగినట్టుండదు, ఆ ముక్కలన్నీ మెదడే అతికేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కళ్ళు చిన్నచిన్న గెంతులు వేస్తాయి, ఎక్కువసేపు ఆగుతాయి, మాటిమాటికీ వెనక్కొస్తాయి. ఆ 'త్మ' దగ్గర అవ్వ కళ్ళు ఎన్నిసార్లు వెనక్కి తిరిగాయో.

చదువు ఒకసారి వంటబట్టాక మానుకుందామన్నా మానలేం. ఎదురుగా అక్షరాలుంటే వద్దనుకున్నా చదివేస్తాం. అవ్వా అంతే. శనగల పొట్లం విప్పి, శనగలు నాకిచ్చేసి, కాగితం తాను చదువుకునేది. పెదాలు కదిలేవి. పెదాలు కదపకుండా చదివేవాళ్ళలో కూడా చాలామందికి లోపల ఒక గొంతు వినిపిస్తూనే ఉంటుంది. అప్పుడు పెదాల్లో, గొంతు కండరాల్లో సన్నని విద్యుత్ కదలికలు పరికరాలకి దొరుకుతాయి.

మద్రాసులో ఉండే మా అత్త ఉత్తరాలు అంతకుముందు నేనే చదివి వినిపించేవాణ్ణి. ఆ ఏడు సంక్రాంతికి ముందొచ్చిన ఇన్‌లాండు కవరు అవ్వ నా చేతిలోంచి తీసుకుంది. అరుగు చివరకి పోయి కూర్చుని విప్పింది. చాలాసేపు చదివింది. పెదాలు కదల్లేదు.

"అత్త ఏం రాసింది అవ్వా?"

కవరు మడిచి కొంగున ముడేసుకుంటూ, "నాకు రాసిందిలేరా" అంది.