చదివేసింది సరే, అర్థమైందా?

మొన్న సెలవుల్లో ఆరో తరగతి చదివే మా అక్క కూతురి ఇంగ్లీషు నోట్సు తిరగేశాను. జవాబులన్నీ రైటే, పేజీ నిండా ఎర్ర ఇంకు టిక్కులు. పుస్తకంలో మాత్రం ప్రతి ఇంగ్లీషు మాట నెత్తిన పెన్సిలుతో తెలుగు అక్షరాల్లో ‘నైట్’, ‘నాలెడ్జ్’ అని ఎలా పలకాలో రాసుకుంది. పాఠంలో ముసలాయన ఊరెందుకు వదిలి వెళ్ళాడమ్మా అని అడిగితే గడగడా ఒక వాక్యం చదివి వినిపించింది. అది కాదు, తెలుగులోనే చెప్పు, ఎందుకు వెళ్ళాడు అంటే మొహం చిన్నబుచ్చుకుంది.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే ఈ వాక్యం చూడండి: ‘గిమ్మడు సంతకెళ్ళి రెండు టొంకెలను సరపించాడు.’ గిమ్మడు సంతలో ఏం చేశాడు? రెండు టొంకెలను సరపించాడు. ఎన్ని టొంకెలు? రెండు. మీకు రెండు మార్కులూ పడ్డాయి, టొంకె అంటే ఏంటో మీకూ తెలీదు, నాకూ తెలీదు. మన పిల్లలు ఏళ్ళ తరబడి ఇంగ్లీషులో చేస్తున్నది ఇదే. ప్రశ్నలో ఉన్న మాట పాఠంలో ఎక్కడుందో వెతుకుతారు, ఆ వాక్యం ఎత్తి రాస్తారు. తప్పు వాళ్ళది కాదు, దీని వెనక చాలా పాత కథ ఉంది.

1835లో మెకాలే అనే ఇంగ్లీషు అధికారి రాసిన నోటు, అంటే మెకాలే మినిట్‌తో ప్రభుత్వ డబ్బు ఇంగ్లీషు చదువు వైపు మళ్ళింది. 1854లో లండన్ నుంచి చదువుల గురించి వచ్చిన ఆదేశం, వుడ్ డిస్పాచ్, కింది తరగతుల్లో మాతృభాష, పైన ఇంగ్లీషు అంది. 1857లో మద్రాసు యూనివర్సిటీ వచ్చాక కాలేజీలో చేరడానికి రాసే మెట్రిక్యులేషన్ పరీక్ష గట్టెక్కడమే గమ్యమైపోయింది, దానికి దగ్గరి దారి బట్టీ. 1902లో వైస్రాయ్ కర్జన్ వేసిన యూనివర్సిటీల కమిషన్, మెట్రిక్ పాసై కాలేజీకొచ్చిన కుర్రాళ్ళకి ఇంగ్లీషు లెక్చర్లు అర్థం కావడం లేదని రాసింది. ఇవాళ ఏ జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని అడిగినా ఇదే మాట చెబుతారు.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి మైకేల్ వెస్ట్. 1920ల్లో ఢాకాలో టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చిన ఇంగ్లీషాయన. ఆయన వేసిన ప్రశ్న ఇన్సూరెన్స్ పాలసీ లెక్కలో ఉంటుంది: పాలసీ మధ్యలో ఆపేస్తే చేతికి ఎంతో కొంత వస్తుంది కదా, మరి మూడేళ్ళు ఇంగ్లీషు చదివి బడి మానేసిన బెంగాలీ పిల్లాడికి ఏం మిగిలింది? మాట్లాడటమూ రాదు, రాయడమూ రాదు. కనీసం చదివి అర్థం చేసుకోవడం వస్తే అదైనా జీవితాంతం ఉంటుంది, కాబట్టి ముందు అదే నేర్పాలన్నాడు. అందుకోసం కొద్ది మాటలతో కథలు తిరగరాశాడు, కొత్త మాటల్ని కొద్దికొద్దిగా తెచ్చాడు, వచ్చిన మాటే మళ్ళీ మళ్ళీ తగిలేలా చేశాడు. వందేళ్ళ కిందటే ఒకాయన మన ఉపఖండపు పిల్లల్ని చూసి ఇంత ఆలోచించాడంటే, మనం ఆ దారి ఎందుకు వదిలేశామా అని నిజంగా బాధేస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత గాలి మారింది. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు, ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) అదే. అప్పుడు నడిచింది స్ట్రక్చరల్ పద్ధతి. ‘దిస్ ఈజ్ ఎ పెన్’ అని సారు అంటే క్లాసంతా అనాలి, ముందు నోరు తిరగాలి, చదవడం తర్వాత. పల్లెటూరి బడిలో మాత్రం పాత అలవాటే నడిచింది. నేను చదువుకున్నదీ అలాగే. సారు పుస్తకం పట్టుకుని ‘వన్స్ అపాన్ ఎ టైమ్, ఒకానొకప్పుడు, దేర్ వాజ్, ఉండెను, ఎ కింగ్, ఒక రాజు’ అని చెప్పుకుంటూ పోయేవారు. తెలుగులో క్రియ చివర్న వస్తుంది, అక్కడ మధ్యలోనే వచ్చేస్తుంది, దాంతో వాక్యం పొడవయ్యేకొద్దీ ముక్కలే చెవిన పడేవి, కథ అందేది కాదు. పైగా తెలుగులో అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వస్తే ఏదైనా చదివేయొచ్చు, భాష ముందే ఇంట్లో వచ్చేసి ఉంటుంది కాబట్టి అర్థం దానంతటదే వస్తుంది. ఇంగ్లీషులో స్పెల్లింగూ మోసం చేస్తుంది, ఇంట్లో ఆ భాషా ఉండదు.

1979 నుంచి 1984 దాకా ఇంగ్లీషు ఎలా నేర్పాలో పరిశోధించిన ఎన్.ఎస్. ప్రభు, బడి పిల్లలతో పనులు చేయిస్తూ ఇంగ్లీషు నేర్పే బెంగళూరు ప్రాజెక్టు నడిపారు. రైలు టైం టేబుల్ ఇచ్చి ఏ బండెక్కితే ఎప్పుడు చేరతామో తేల్చమనేవారు. అర్థం కాకుండా జవాబు దొరకని పని అది. ప్రపంచమంతా దాని గురించి చదివింది, మన దగ్గర గైడ్ల అమ్మకాలు మాత్రం తగ్గలేదు.

అమెరికాలోనూ ఈ గొడవ ఉంది. 1978-79లో అచ్చయిన పరిశోధన కోసం డొలొరెస్ డర్కిన్ అనే పరిశోధకురాలు నాలుగో తరగతిలో 4,469 నిమిషాల రీడింగ్ క్లాసులు గమనిస్తే, అర్థం చేసుకోవడం ఎలాగో నేర్పింది 20 నిమిషాలే. మిగతా టైంలో చాలావరకు ప్రశ్నలడగడం, వర్కుషీట్లు. పరీక్షించడం వేరు, నేర్పడం వేరు.

ఈలోగా మీడియమే మారిపోయింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు హైస్కూళ్ళలో ఇంగ్లీషు మీడియం తెచ్చిన సక్సెస్ స్కూళ్ళు, 2019లో ఆంధ్రలో ఒకటి నుంచి ఆరు దాకా ఇంగ్లీషు మీడియం జీవో, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేయడం, 2022లో తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం. మీడియం మీద ఇంత గొడవ జరిగింది, అందులో పిల్లకి చదివింది అర్థమవుతోందా అన్న ప్రశ్న పెద్దగా వినపడలేదు. ఇంగ్లీషు సరిగ్గా చదవలేకపోతే ఇప్పుడు సైన్సూ, సోషలూ కూడా పోతాయి. పిల్లల చదువు ఎంత వచ్చిందో చూసే అసర్ సర్వే 2023లో కొన్ని జిల్లాల పల్లెల్లో 14-18 ఏళ్ళవాళ్ళపై జరిగింది. అందులో ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్ళు 57.3 శాతం. వాళ్ళలోనూ అర్థం చెప్పగలిగింది 73.5 శాతమే. ఈ రెండూ కలిపి చూస్తే, చదివి అర్థం చెప్పగలిగేది నూటికి నలభై రెండు మంది.

ఆ సాయంత్రం మా అక్క కూతురి చేత గైడు పక్కన పెట్టించి, అదే పాఠంలో ఒక్క పేరా తీసుకున్నాం. చదవొద్దు, ఊరికే చెప్పు, ఈ వాక్యంలో ‘హీ’ అంటే ఎవరు అన్నాను. చాలాసేపు చూసింది. వేలు రెండు లైన్లు పైకి జరిపి ‘ఈ ముసలాయనే కదా?’ అంది. మరి ఈ ‘ఇట్’? ఈసారి వేలు ఇంకా తొందరగా కదిలింది, బావి దగ్గర ఆగింది. ‘బావి ఎండిపోయిందా పిన్నీ, అందుకే వెళ్ళాడా?’ అని తనే అడిగింది.