అడాల్ఫ్ సూట్రో: గని సొరంగం నుంచి మేయర్ పీఠం దాకా కొన్ని అపోహలు, వాస్తవాలు

గనుల్లో నీటి తోడకం, గాలి ప్రసరణ పనులు చూసేవాడిని కావడంతో, అడాల్ఫ్ సూట్రో నాకు శాన్‌ఫ్రాన్సిస్కో మేయర్‌గా కన్నా ముందు సొరంగం తవ్వించిన మనిషిగానే తెలుసు. 1830లో ప్రష్యాలోని ఆహెన్‌లో పుట్టి, 1850లో అమెరికా చేరి, పొగాకు దుకాణాలు నడిపిన ఈ వ్యాపారి చుట్టూ అపోహలు చాలానే అల్లుకున్నాయి.

అపోహ: ఆయన వెండి తవ్వి కోటీశ్వరుడయ్యాడు.

వాస్తవం: ఆయన సొరంగం వెండి కోసం తవ్వింది కాదు. నెవాడాలోని కామ్‌స్టాక్ వెండి గనుల్లో లోతుకు దిగేకొద్దీ ఊరే వేడినీటిని పైదాకా తోడలేక యజమానులు సతమతమవుతుంటే, కొండ పక్కనుంచి దాదాపు 4 మైళ్ల సొరంగం వేస్తే నీరు వాలుకు తనంతట తానే బయటకు పోతుందని, లోపల గాలి ఆడుతుందని, ప్రమాదవేళ కార్మికులకు మరో దారి దొరుకుతుందని ఆయన వాదించాడు. టన్ను ఖనిజానికి 2 డాలర్లు చెల్లిస్తామని ఒప్పుకున్న కంపెనీలే తరవాత అడ్డం తిరిగాయి. 1869 ఏప్రిల్‌లో కామ్‌స్టాక్‌లోనే ఉన్న ఎల్లో జాకెట్ గని మంటల్లో కనీసం 35 మంది చనిపోయాక కార్మికులు ఆయన పక్షాన నిలిచారు.

అపోహ: సొరంగం కామ్‌స్టాక్‌ను ఆదుకుంది.

వాస్తవం: అది సుమారు 1,650 అడుగుల లోతున కామ్‌స్టాక్‌లోని సావేజ్ గనిని చేరింది 1878 జులైలో. అప్పటికే గనులు అంతకన్నా కిందికి దిగిపోయాయి, మేలిరకం ఖనిజమూ తరిగిపోతోంది. కింది నీటిని సొరంగం మట్టం దాకా తోడక తప్పలేదు. అక్కడినుంచి పైకి తోడే ఖర్చు మాత్రం ఆదా అయింది. సూట్రో తన వాటాలు అమ్మేసి, ఆ డబ్బుతో శాన్‌ఫ్రాన్సిస్కోలో భూములు కొన్నాడు. ఇంజనీరింగ్ లెక్కలో సొరంగం ఆలస్యమైంది గానీ, వ్యాపారిగా ఆయన వేళ తప్పలేదని నా అభిప్రాయం.

అపోహ: మేయర్ పదవి ఆయన జీవితానికి శిఖరం.

వాస్తవం: సముద్రతీరానికి వెళ్లే జనం నుంచి 5 సెంట్లకు మించి ఛార్జీ వసూలు చేయరాదని సదరన్ పసిఫిక్ రైల్వేతో ఆయన చేసిన పోరాటమే 1894 ఎన్నికల్లో, రైతులు, కార్మికుల పక్షాన నిలిచిన పాపులిస్టు పార్టీ అభ్యర్థిగా, ఆయన్ని గెలిపించింది. అయితే సొంత కంపెనీలో తన మాటే చెల్లించుకున్న మనిషికి పదిమందిని ఒప్పించి నడిపే నగర పాలన ఒంటబట్టలేదు. 1897 ఆరంభంలో పదవీకాలం ముగియడంతో తప్పుకున్నాడు.

అపోహ: ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలో కట్టించి 1896లో ప్రారంభించిన సూట్రో స్నానశాల తలుపులు అందరికీ తెరిచే ఉండేవి.

వాస్తవం: 1897 జులైలో జాన్ హారిస్ అనే నల్లజాతీయుణ్ణి, ప్రవేశ రుసుము చెల్లించినా, కొలనులోకి దిగనివ్వలేదు. ఆ ఏడాదే వచ్చిన కాలిఫోర్నియా పౌరహక్కుల చట్టం కింద ఆయన సూట్రోపై దావా వేసి, మరుసటి ఏడు గెలిచాడు.