పంచాంగానికి అందని గాలి

ఆషాఢంలో అనంతపురం వచ్చినవాళ్లకి గాలి గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆరేసిన పంచె తీగ మీద నిలవదు. ముంగారు పొడుగునా పడమటి గాలి, దీపావళి దాటాక ఈశాన్యం గాలి. ఏటా అదే వరస. గాలి అంటే ఏడాది లెక్కన తిరిగేదేనని మన పెద్దలే కాదు, చాలాకాలం శాస్త్రవేత్తలూ అనుకున్నారు.

భూమధ్యరేఖ మీద, 20-30 కిలోమీటర్ల ఎత్తున వీచే గాలి ఈ లెక్కకి లొంగదు. కొన్నాళ్లు తూర్పు నుంచి, ఆ తర్వాత కొన్నాళ్లు పడమటి నుంచి వీస్తుంది. ఒక చుట్టు తిరగడానికి సుమారు 28 నెలలు. 2016 ఫిబ్రవరిలో ఈ వరస తప్పడంతో వాతావరణ శాస్త్రవేత్తలు ఉలిక్కిపడ్డారు. అందులో అంత కంగారు ఏముందో తెలియాలంటే 1883 దాకా వెనక్కి వెళ్లాలి.

అనంతపురం బళ్లారి నుంచి విడిపోయి జిల్లా అయి అప్పటికి ఏడాది. ఆగస్టు 27న ఇండోనేసియాలో క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ ధూళి ఆకాశంలో పడమరకి సాగి, రెండు వారాల్లోపే భూమిని చుట్టేసింది. సెప్టెంబరులో మద్రాసు వాళ్లకి సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు. ధాత కరువు ముగిసి అయిదేళ్లే అయింది కదా, పచ్చ సూర్యుణ్ణి చూసినవాళ్లు మళ్లీ కరువేనని గుండెలు బాదుకుని ఉంటారు. ఇది నా ఊహ మాత్రమే.

ధూళి పడమరకి సాగింది కాబట్టి, అంత ఎత్తున ఎప్పుడూ తూర్పుగాలేనని తేల్చేశారు. 1908లో జర్మనీ వాడైన బెర్సన్ తూర్పు ఆఫ్రికాలో, విక్టోరియా సరస్సు ప్రాంతంలో బెలూన్లు ఎగరేస్తే అవి ఎదురుదిక్కుకి పోయాయి. పైన ఉన్నది పడమటి గాలి! రెండూ నిజాలే, చూసిన కాలాలే వేరు. అది తట్టక, తూర్పుగాలి నడుమ సన్నటి దారంలాగా పడమటి గాలి ఒకటి ఉందని చెప్పి దాదాపు యాభై ఏళ్లు సర్దుకున్నారు.

ముడి విప్పిన సందర్భం అంత గొప్పదేమీ కాదు. అమెరికా పసిఫిక్‌లోని మార్షల్ దీవుల్లో అణుబాంబులు పరీక్షిస్తూ, ఆ బూడిద ఎటు కొట్టుకుపోతుందో తెలుసుకోవడానికి బెలూన్లు వదిలేది. కాంటన్ అనే మరో పసిఫిక్ దీవిలో 1953 నుంచి పై గాలుల రికార్డు ఉంది. 1960 ప్రాంతంలో అమెరికాలో రీడ్, బ్రిటన్‌లో ఎబ్డన్ ఇలాంటి లెక్కలే విడివిడిగా ముందేసుకుని చూస్తే, గాలి మారడం బయటపడింది. మార్పు పైన మొదలై, నెలకి సుమారు కిలోమీటరు చొప్పున కిందికి దిగుతోంది.

కారణం ఎండ అయితే మార్పు ఏడాదికోసారి రావాలి. ఈ 28 నెలలు ఎక్కడివి? 1968లో లిండ్‌జెన్, హోల్టన్ చెప్పిన జవాబు: అలలు.

మే నెల సాయంత్రం మన దగ్గర లేచే ఉరుముల మబ్బునే తీసుకోండి. అది ఎగసి పై పొరని గుద్దితే, బావిలో రాయి వేసినట్టు అలలు పుట్టి పైకి పోతాయి. చెర్నాకోలని పిడి దగ్గర కాస్త ఆడిస్తే సన్నటి కొస చెళ్లుమంటుంది చూడండి, ఇదీ అంతే. పైకి పోయేకొద్దీ గాలి పలచన, అల పెద్దది. తూర్పుకి సాగే అల గాలిని తూర్పుకే తోస్తుంది, అంటే పడమటి గాలిని పెంచుతుంది. ఆ గాలి వేగం అల వేగానికి దగ్గరపడిన చోట అల ఇక పైకి పోలేదు. అక్కడే కరిగి, తన తోపంతా ఆ గాలికి ఇచ్చేస్తుంది. దాంతో ఆ గాలి పొర అడుగు అంచు కిందికి జారుతుంది. పడమరకి సాగే అలలకి మాత్రం ఈ గాలి అడ్డు కాదు. అవి దాన్ని దాటిపోయి, పైన తూర్పుగాలిని మొదలుపెడతాయి.

నమ్మబుద్ధి కాదు కదా! 1978లో ప్లంబ్, మెక్‌ఎవాన్ ఒక తొట్టిలో దీన్ని చూపించారు. గుండ్రటి కాలవలాంటి తొట్టి, అందులో అడుగుకి పోయేకొద్దీ చిక్కనయ్యే ఉప్పునీళ్లు. ఒక అంచున రబ్బరు పొరని ఉన్నచోటే పైకీ కిందికీ ఆడించారు. ఎవరూ తిప్పకుండానే నీళ్లు ఒక దిక్కుకి తిరిగాయి. కాసేపటికి నెమ్మదించి, ఎదురు తిరిగాయి.

అలల పని ఇంతటితో అయిపోలేదు. ఇంగ్లండు మీది పై గాలి మరీ పొడిగా ఉందని గమనించిన బ్రూవర్, ఆ గాలి ఉష్ణమండలంలో సుమారు 17 కిలోమీటర్ల ఎత్తున ఉన్న మహా చలి పొర గుండా పైకెక్కి, తేమంతా అక్కడే గడ్డకట్టించుకుని వచ్చి ఉండాలని 1949లోనే అన్నాడు. బోరు మోటారు లాగినట్టు ఆ గాలిని పైకి లాగేది ఉత్తర, దక్షిణ ప్రాంతాల అలలే. లాగడం ఎంత నిదానమంటే, రోజుకి పాతిక మీటర్లు!

అనంతపురం, కడప, కర్నూలు భూమధ్యరేఖకి 14-16 డిగ్రీలు ఉత్తరాన ఉన్నాయి కాబట్టి 28 నెలల గాలి బలం మన నెత్తిన బాగా తక్కువ. అలల్ని చూడ్డానికి మాత్రం మనకి దూరం పోవాల్సిన పని లేదు. తిరుపతి దగ్గర గాదంకిలో 1024 యాంటెన్నాల రాడార్ 1990ల నుంచి ఆ పనిలోనే ఉంది.

2016లో ఏమైందంటే, సుమారు 22 కిలోమీటర్ల ఎత్తున పడమటి గాలి నడుమ తూర్పుగాలి దూరింది. ఉత్తరం నుంచి పక్కగా వచ్చిన పెద్ద అలలు ఆ పని చేశాయి. 1953 నుంచి ఉన్న రికార్డులో అలాంటిది లేదు. అదే ఏడాది ఆగస్టులో అనంతపురంలో ఎండుతున్న శెనక్కాయకి రెయిన్‌గన్లతో నీళ్లు కొట్టారు. రెండింటికీ ముడి పెట్టకండి, ఆ ఏడాది నాకు అలా గుర్తుండిపోయిందంతే. 2019-20లో వరస మళ్లీ తప్పింది, ఈసారి దక్షిణం అలల వల్ల.

భూమి వేడెక్కితే ఇలాంటివి పెరుగుతాయా అన్నదే ఇప్పటి ప్రశ్న. జవాబు కోసం కంప్యూటర్ మోడళ్లని అడిగితే ఒక్కొక్కటీ ఒక్కో మాట చెబుతోంది. మబ్బు నుంచి లేచే అలల్లో చాలావాటి పొడవు కొన్ని కిలోమీటర్ల నుంచి కొన్ని పదుల కిలోమీటర్లే. మోడల్ ఆకాశాన్ని గళ్లుగా విడగొట్టి లెక్క కడుతుంది, ఆ గళ్లు చాలా అలలకంటే పెద్దవి. పిండి జల్లెడకి బదులు కంకర జల్లెడ పట్టుకున్నట్టు, చిన్న అలలు వాటిలోంచి జారిపోతున్నాయి.