సాయంత్రం ఏడింటికి కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది? బొగ్గు, సోలార్ మీద అపోహలు – వాస్తవాలు

నేను డిస్కం, అంటే ఇళ్లకూ పొలాలకూ కరెంటు పంపిణీ చేసే కంపెనీ తరఫున పవర్ షెడ్యూలింగ్ చూస్తాను. రేపు ఏ పావుగంటకు ఎంత కరెంటు కావాలి, అందులో ఏ ప్లాంటు నుంచి ఎంత తీసుకోవాలి, కరెంటు కొని అమ్మే మార్కెట్ అయిన ఎక్స్ఛేంజ్‌లో ఎంత కొనాలి అని ముందురోజే లెక్క వేయడం మా పని. రోజుకు 96 పావుగంటలు, దేని లెక్క దానిదే. బొగ్గు వద్దనేవాళ్లూ సోలార్ దండగనేవాళ్లూ కూడా రోజు మొత్తం యూనిట్లు కలిపేసి మాట్లాడతారు, తేడా అక్కడే వస్తోంది.

అపోహ: మన దేశంలో సగం కరెంటు బొగ్గు లేకుండానే వస్తోంది.

2025 జూన్ నాటికి స్థాపిత సామర్థ్యంలో, అంటే ప్లాంట్లన్నీ పూర్తిగా నడిస్తే ఇవ్వగలిగిన కరెంటులో, సగం బొగ్గు, గ్యాస్ కాని వనరులదే. 2030కి అనుకున్నది ఐదేళ్ల ముందే అందింది, ఇది నిజంగా గొప్ప విషయం. కానీ సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు రోజుకు సగటున 50 లక్షల యూనిట్లు, కాస్త అటూ ఇటూగా ఇస్తుంది, అంతే సామర్థ్యం ఉన్న బొగ్గు ప్లాంటు బాగా నడిస్తే 2 కోట్ల యూనిట్ల దాకా ఇస్తుంది. అందుకే దేశంలో తయారయ్యే కరెంటులో ఇప్పటికీ సుమారు 70 శాతం బొగ్గుదే. ఈ రెండు అంకెల్లో ఏ ఒక్కటి చూపించి మాట్లాడినా సగమే చెప్పినట్టు.

అపోహ: సోలార్ ఇంత చవక కదా, బొగ్గు ప్లాంట్లు ఆపేస్తే మన బిల్లు తగ్గిపోతుంది.

నన్ను అందరూ అడిగేది ఇదే. సోలార్ చవక అన్నది నిజమే, 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో యూనిట్ 1.99 రూపాయలకు కూడా వచ్చింది. అయితే ఆ ధర ఎండ ఉన్నప్పటి యూనిట్‌కి. గిరాకీ బాగా ఉండే నెలల్లో ఎక్స్ఛేంజ్ ధరలు చూడండి, మధ్యాహ్నం 2 రూపాయల కిందకు కూడా పడిపోయిన కరెంటే సాయంత్రం ఏడు, ఎనిమిది గంటలకల్లా గరిష్ఠ పరిమితి 10 రూపాయలను తాకుతుంది. ఆ పరిమితి కూడా 2022లో 20 నుంచి 12కి, మరుసటి ఏడాది 10కి తగ్గించబట్టి అక్కడ ఆగుతోంది.

ఇంకో సంగతి, బొగ్గు ప్లాంటుకు మనం కట్టేది రెండు భాగాలు: స్థిర ఛార్జీ, ఇంధన ఛార్జీ. ప్లాంటు నడపడానికి సిద్ధంగా ఉన్నానని చెప్పిందంటే, మనం ఒక్క యూనిట్ తీసుకోకపోయినా స్థిర ఛార్జీ కట్టాల్సిందే. ఒప్పందాలు చాలావరకు 25 ఏళ్లవి. కాబట్టి ఆపేసిన ప్లాంటు మన బిల్లులోంచి పోదు. పైగా అన్ని బొగ్గు ప్లాంట్లూ ఒకటి కావు. గని పక్కనే ఉన్నదానికి ఇంధన ఖర్చు తక్కువ, వందల కిలోమీటర్లు రైల్లో బొగ్గు తెప్పించుకునేదానికి ఎక్కువ. మేం షెడ్యూల్‌లో ముందు తగ్గించేది రెండోదాన్నే, మూసే క్రమం కూడా అలాగే ఉండాలని నా అభిప్రాయం.

అపోహ: మధ్యాహ్నం బొగ్గు ప్లాంట్లు ఆపి, సాయంత్రం మళ్లీ వేసుకుంటే సరిపోతుంది.

బాయిలర్ పూర్తిగా చల్లారాక మళ్లీ వెలిగించి గ్రిడ్‌కు కలపాలంటే గంటల తరబడి పడుతుంది, ఆయిల్ ఖర్చవుతుంది, పైపుల మీద ఒత్తిడి పడుతుంది. అందుకే సాయంత్రం కావాల్సిన ప్లాంటును మధ్యాహ్నం ఆపకుండా దాని సామర్థ్యంలో 55 శాతానికి దించి ఉంచుతారు. ఆ 55ని 40కి తేవాలన్న ప్రయత్నం నడుస్తోంది. దీని గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ కొత్త సోలార్‌కు మధ్యాహ్నం చోటు దొరకాలంటే ఇది చాలా ముఖ్యం. లేకపోతే ఎండ ఉన్నా సోలార్‌నే తగ్గించమని చెప్పాల్సి వస్తుంది.

అపోహ: సోలార్ ఎక్కువైతే గ్రిడ్ కూలిపోతుంది.

2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది మొత్తం చీకటైంది, అప్పటికి దేశంలో సోలార్ నామమాత్రమే. లైన్ల మీద మోయలేనంత లోడు పడటం, రాష్ట్రాలు షెడ్యూల్ దాటి లాగేయడం దానికి కారణాలు. సోలార్‌తో ఇబ్బంది లేదనను, కానీ సూర్యాస్తమయం ఎన్నింటికో ముందే తెలుసు కాబట్టి దానికి సిద్ధపడొచ్చు.

అపోహ: బ్యాటరీలు చవకయ్యేదాకా చేసేదేమీ లేదు.

నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టున నీళ్లను వెనక్కి పంపు చేసే యంత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి. మధ్యాహ్నం చవక కరెంటుతో నీళ్లు పైకి ఎక్కించి సాయంత్రం వదిలితే, పెట్టిన నాలుగు యూనిట్లకు మూడు తిరిగొస్తాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టు కట్టింది కూడా ఇందుకే. ఇంతకంటే సులువైనది లోడునే, అంటే కరెంటు వాడే సమయాన్నే, జరపడం. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ ఫీడర్లకు, అంటే పంపుసెట్లకు కరెంటిచ్చే లైన్లకు, పగలే 9 గంటలు ఇవ్వడం వల్ల రైతుకు రాత్రి పొలానికి వెళ్లే బాధ తప్పుతుంది, మాకు సోలార్ ఉన్న గంటల్లోనే ఆ లోడు తీరిపోతుంది. ఒక్క పైసా బ్యాటరీకి పెట్టకుండా జరిగే పని ఇది.

అపోహ: బొగ్గు గనుల వాళ్లకు సోలార్‌లో ఉద్యోగాలు వచ్చేస్తాయి.

సింగరేణి సొంతంగా సోలార్ ప్లాంట్లు పెట్టింది, సంతోషమే. కానీ సోలార్ ప్లాంటు కట్టేటప్పుడు కావాల్సినంత మంది నడిపేటప్పుడు అక్కర్లేదు. గనికి ఏళ్ల తరబడి మనుషులు కావాలి, వాళ్లని నమ్ముకుని గోదావరిఖని, కొత్తగూడెం, మందమర్రి లాంటి ఊళ్లే నిలబడ్డాయి. ఏ గనిలో ఎన్నేళ్ల బొగ్గు మిగిలిందో కంపెనీకి ముందే తెలుసు. ఆ లెక్క ఊరివాళ్ల ముందు పెట్టి, పిల్లలు ఏ కోర్సులో చేరాలో ఇప్పుడే చెప్పగలిగితే మంచిది. గని మూతపడిన రోజున ఇచ్చే శిక్షణ నలభై ఐదేళ్ల మనిషికి పెద్దగా పనికిరాదు.