వేసవి శిబిరాల్లో సువార్త: సీమ ఆటస్థలాల వెనక కథ

ఎండాకాలం సెలవులు మొదలయ్యాయంటే కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడపల్లో చర్చి యూత్‌కు చేతినిండా పని. పొద్దున ఆరింటికే ఒకరు వాలీబాల్ నెట్‌కు కర్రలు పాతుతుంటారు, ఇంకొకరు సున్నంతో గీతలు వేస్తుంటారు. తొమ్మిది దాటితే సీమ ఎండలో పిల్లల్ని నిలబెట్టలేం కాబట్టి అంతా ఆలోపే ముగించాలి. మగపిల్లలకు వాలీబాల్, టెన్నిస్ బాల్ క్రికెట్. ఆడపిల్లలకు త్రోబాల్, లేదంటే టెన్నికాయిట్. నీళ్లకు ఆపినప్పుడు ఒక యాక్షన్ సాంగ్, ఒక చిన్న బైబిల్ కథ, చివర్లో ప్రార్థన. నేర్పేవాళ్లకు జీతాలేమీ ఉండవు. డిగ్రీ చదివే కుర్రాళ్లు, సండే స్కూల్ టీచర్లు, అదృష్టం బాగుంటే సెలవుల్లో ఉన్న ఒక పీఈటీ.

ఈ శిబిరాలకు రెండు వైపులా మాట పడుతుంది. ఆట పేరు చెప్పి పిల్లల్ని మతంలోకి లాగుతున్నారని బయట అంటారు. వాక్యం నేర్పాల్సిన సమయంలో బంతులు ఎగరేయిస్తున్నారని లోపల పెద్దలు విసుక్కుంటారు. ‘శరీర సంబంధమైన సాధకము కొంచెము మట్టుకే ప్రయోజనకరము’ అని పౌలు తిమోతికి రాసిన మాట ఎత్తిచూపే పెద్దాయన ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. పందెపు రంగంలో పరుగెత్తేవాళ్ల పోలిక కూడా పౌలుదేనని కుర్రాళ్లు జవాబు చెబుతారు. ఇద్దరూ అదే బైబిల్ తెరుస్తారు కాబట్టి వాదం తెగదు. ఈ రెండు అభ్యంతరాలూ నూరేళ్లకు పైబడ్డవే. అవి ఎక్కడ పుట్టాయో తెలిస్తే ఇవాళ్టి గొడవ కొంచెం తేటపడుతుంది.

లోపలి అభ్యంతరం వయసులో పెద్దది. 1618లో ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్, ఆదివారం ఆరాధన అయ్యాక జనం ఆటలాడుకోవచ్చని ఒక ప్రకటన చేశాడు. ఆదివారం ఆరాధనకే అని పట్టుబట్టే ప్రొటెస్టంట్లైన ప్యూరిటన్లకు అది ఒళ్లు మండించింది. వాళ్ల చేతికి పార్లమెంటు వచ్చాక, 1643లో, ఆ ప్రకటన ప్రతుల్ని బహిరంగంగా తగలబెట్టాలని ఉత్తర్వు ఇచ్చారు. ఇదంతా మనకెందుకు అనిపించవచ్చు. కానీ సీమకు వచ్చిన మిషనరీల్లో ఎక్కువమంది మూలాలు ఆ ప్యూరిటన్ సంప్రదాయంలోనే ఉన్నాయి. లండన్ మిషనరీ సొసైటీ, అంటే ఎల్‌ఎంఎస్, 1810లో బళ్లారిలో, 1822లో కడపలో పని మొదలుపెట్టింది. గుత్తి, జమ్మలమడుగు కూడా వాళ్ల కేంద్రాలే. అమెరికన్ బాప్టిస్టులు 1876లో కర్నూలు వచ్చారు. ఆంగ్లికన్ల, అంటే ఇంగ్లండ్ చర్చివాళ్ల, ఎస్పీజీ మిషన్ ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు వైపు పనిచేసింది. ఆదివారం బంతి ముట్టకూడదన్న కట్టడి మన పల్లె సంఘాలకు ఈ దారిన వచ్చింది. తర్వాత వచ్చిన పెంతెకొస్తు సంఘాలు ఆటల్ని ఏకంగా లోకసంబంధమైన వాటిలో కలిపేశాయి.

ఆ ఎల్‌ఎంఎస్ తరఫునే చైనాలో పనిచేసిన ఎరిక్ లిడెల్ కథ మన సండే స్కూళ్లలో ఇప్పటికీ చెబుతారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని ఆయన పరుగెత్తనన్నాడు. 400 మీటర్లలో దిగి 47.6 సెకన్లలో బంగారు పతకం గెలిచాడు. 1945లో జపాన్ వాళ్ల నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. ఆదివారం మ్యాచ్ పెట్టవద్దనే పెద్దలకూ, ఆటగాడు కూడా సాక్షి కాగలడనే కుర్రాళ్లకూ ఈ ఒక్క కథే ఆధారం. నాకిది తమాషాగా ఉంటుంది.

ఇక ఆటను మతానికి దగ్గర చేసిన పాయ 19వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండ్ పబ్లిక్ స్కూళ్లలో మొదలైంది. ఒళ్లు గట్టిపడితే నడత గట్టిపడుతుందని, జట్టులో ఆడటం నేర్చినవాడు మంచి క్రైస్తవుడవుతాడని అక్కడ నమ్మారు. ఆ నమ్మకంలో సామ్రాజ్యపు అహం చాలానే ఉంది. 1890లో శ్రీనగర్ మిషన్ స్కూలుకు వచ్చిన టిండేల్ బిస్కో, తోలు బంతి ముట్టుకోబోమని మొరాయించిన పండిట్ల పిల్లల్ని బలవంతంగా ఫుట్‌బాల్ ఆడించాడు. బంతి ఒక పిల్లాడి మొహానికి తగిలింది. మైలపడ్డానని వాడు ఏడుస్తుంటే కాలువకు తీసుకెళ్లి కడిగించి మళ్లీ ఆటలో దించారట. ఈ కథను ఆయన గొప్పగానే చెప్పుకున్నాడు. ఇప్పుడు చదివితే పిల్లాడి మీదే జాలి కలుగుతుంది. ఒకటి మాత్రం నిజం: తోలు బంతిని ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరి చేతి నుంచి అందుకోవచ్చు అన్నవి మన దేశంలో ఉత్త ఆట ప్రశ్నలు కావు.

సీమలో ఆ ప్రశ్న మరీ సూటిగా తగిలేది. 1876-78 నాటి కరువు కర్నూలు, కడప, బళ్లారి ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. అప్పటికి అనంతపురం విడి జిల్లా కాదు, 1882లో బళ్లారి నుంచి విడదీశారు. ఆ కరువు ముందూ వెనకా మాల, మాదిగ పల్లెలు గుంపులుగా క్రైస్తవంలోకి వచ్చాయి. వాళ్ల పిల్లల కోసం మిషన్ కాంపౌండ్లలో బోర్డింగులు లేచాయి. కర్నూలులో బాప్టిస్టుల కోల్స్ హైస్కూలు అలా వచ్చిన బడుల్లో ఒకటి. ఊరి చెరువు దగ్గరికి రానివ్వని పిల్లలకు ప్రహరీ గోడ లోపల ఒక మైదానం, ఒక గంట, ఒక డ్రిల్లు మాస్టారు దొరికారు. అక్కడ ఆట ముందుగా మతప్రచారం కోసం కాదు. బోర్డింగులో వందమంది పిల్లల్ని సాయంత్రం పూట అదుపులో పెట్టాలంటే వేరే దారేముంది?

ఆ డ్రిల్లు మాస్టారు ఎక్కడి నుంచి వచ్చాడన్నది ఈ కథలో అసలు ముఖ్యమైన భాగం. ఇవాళ మన గవర్నమెంటు స్కూళ్లలో ఆడే ఆటల్లో రెండు వైఎంసీఏ అనే క్రైస్తవ యువకుల సంఘంలో పుట్టినవే. 1891 డిసెంబర్‌లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో, చలికాలం నాలుగు గోడల మధ్య కుర్రాళ్లు ఏదో ఒకటి ఆడాలి కాబట్టి, జేమ్స్ నైస్మిత్ రెండు పీచ్ పండ్ల బుట్టలు గోడకు కొట్టించి బాస్కెట్‌బాల్ మొదలుపెట్టాడు. 1895లో హోల్యోక్ వైఎంసీఏలో విలియం మోర్గాన్ వాలీబాల్ తయారుచేశాడు. ఆఫీసుల్లో పనిచేసే నడివయసు వాళ్లకు బాస్కెట్‌బాల్ కంటే కాస్త నెమ్మదైన ఆట కావాలన్నది ఆయన ఉద్దేశం. లండన్‌లో 1844లో పుట్టిన వైఎంసీఏ మొదట్లో బైబిల్ స్టడీ కోసం పెట్టిన సంఘమే. యాభై ఏళ్లు తిరిగేసరికి జిమ్‌లూ కోర్టులూ దాని ముఖం అయిపోయాయి.

ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన హ్యారీ క్రో బక్ 1919లో మద్రాసు వచ్చి, 1920లో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల స్థాపించాడు. ఆసియాలో అలాంటి కాలేజీల్లో అదే మొదటిదని చెబుతారు. అప్పటికి మన జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి స్కూళ్లలో వ్యాయామ ఉపాధ్యాయులకు శిక్షణ అంటే ఆ కాలేజీ పేరే ముందు వినపడేది. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టు వెంట బక్ ఉన్నాడు, అంటే లిడెల్ పరుగెత్తిన ఆ పోటీలకే. 1927లో భారత ఒలింపిక్ సంఘం ఏర్పాటు వెనక కూడా ఆయన కృషి ఉంది. త్రోబాల్‌ను మన దేశంలో వాడుకలోకి తెచ్చింది కూడా ఆయన కాలేజీయేనంటారు. 1943లో మద్రాసులోనే పోయాడు. ఆయన పద్ధతిలో ఆట ఆటే. చెప్పదలచుకున్న మంచి ఏదైనా ఉంటే అది నేర్పే మనిషి నడతలో కనపడాలి, విజిల్ ఊదాక ప్రసంగం అక్కర్లేదు. ఆ కాలేజీలో చదివినవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. మత సంస్థ పెట్టిన కాలేజీ దేశానికి డ్రిల్లు మాస్టార్లను ఇచ్చింది, చర్చికి సభ్యుల్ని కాదు. ఇది విజయమా వైఫల్యమా అన్న దగ్గరే మిషన్ల లోపల చీలిక వచ్చింది.

ఆ చీలిక బయటపడింది 1932లో. అమెరికాలోని ఏడు ప్రొటెస్టంట్ శాఖలకు చెందిన మామూలు విశ్వాసులు, హార్వర్డ్ తత్వశాస్త్ర ఆచార్యుడు విలియం హాకింగ్ నాయకత్వంలో ఒక కమిషన్ వేసి, ఆసియాలో మిషన్ల పని ఎలా ఉందో పరిశీలించి నివేదిక ఇచ్చారు. ఆ ఏడింటిలో మన కర్నూలులో పనిచేసిన బాప్టిస్టులూ ఉన్నారు. బడి బడిలా, ఆసుపత్రి ఆసుపత్రిలా నడవాలి. వైద్యానికి వచ్చిన రోగినీ చదువుకు వచ్చిన పిల్లవాడినీ ప్రసంగానికి దొరికిన శ్రోతల్లా చూడటం మానాలి అన్నది దాని సారాంశం. నివేదిక మీద చర్చిల్లో దుమారం లేచింది. సేవను సువార్త నుంచి విడదీస్తే ఇక మిషన్ ఎందుకని చాలామంది మండిపడ్డారు.

అదే దశాబ్దంలో గాంధీ ఇదే మాట ఇంకోవైపు నుంచి అన్నాడు: సేవ చేయండి, కానీ మతం మార్చే ఉద్దేశం పెట్టుకోకండి. దానికి ఎదురు నిలిచినవాళ్లలో ఒకరు దోర్నకల్ బిషప్ అజరయ్య. 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయిన ఆయన అంతకుముందు వైఎంసీఏ కార్యదర్శి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు బిషప్‌గా ఆయన పరిధిలోనే ఉండేవి. మాల, మాదిగలు మతం మారడాన్ని ఎవరో వేసిన ఎరకు చిక్కడంగా చూడటం, వాళ్లకు సొంత బుద్ధి లేదనడమేనని ఆయన వాదన. నాకు ఈ వాదనలో బలం కనిపిస్తుంది. అయితే అది పెద్దవాళ్ల విషయంలో. పదేళ్ల పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి గాంధీ మాటకే మొగ్గాలనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక చట్టం కూడా ఈ వాదంలో పాలు పంచుకుంది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించడానికే కాక ప్రచారం చేయడానికీ హక్కు ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం అంటే ఇంకొకరిని మార్చే హక్కు కాదని తేల్చింది. అంతకంటే ఎక్కువగా మన పల్లెల్ని పట్టి కుదిపింది 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు. క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో అతను బీసీ-సీ కింద ఒక్క శాతం కోటాలోకి వెళ్తాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ ఉత్తర్వు సడలించారు, క్రైస్తవులకూ ముస్లింలకూ సడలించలేదు. అందుకే ఎన్నో ఇళ్లలో ఆదివారం ఒక సంగతి, సర్టిఫికెట్‌లో ఒక సంగతి.

వలంటీర్లు చాలామంది గ్రహించనిది ఇదే. శిబిరం ఆఖరి రోజు బహుమతులిచ్చి, పిల్లలందరినీ బ్యానర్ ముందు నిలబెట్టి ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. బ్యానర్ మీద చర్చి పేరు, సిలువ. ఆ ఫొటో రేపు ఎవరి చేతికి పోయి ఎమ్మార్వో ఆఫీసులో ఏ తంటా తెస్తుందోనని టెన్షన్ పడే తల్లులున్నారు. వాళ్లకు ఆట మీద కోపం లేదు, పాస్టర్ అయ్యగారి మీద అసలే లేదు. ‘ఫొటోలో మావాణ్ని పక్కన పెట్టు నాయనా’ అని మెల్లగా చెబుతారు, అంతే.

సీమలో ఇంకో దారి కూడా ఉంది. స్పెయిన్ నుంచి జెస్విట్‌గా, అంటే ఒక కేథలిక్ సన్యాస సంఘ సభ్యుడిగా, 1952లో ముంబై వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరాడు. ఆ తర్వాత ఆ సంఘాన్ని వదిలి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, అందరూ ఆర్డీటీ అనే సంస్థ, నిలబెట్టాడు. 2009లో అనంతపురంలోనే కన్నుమూశాడు. ఆర్డీటీ క్రీడా గ్రామంలో హాకీ, ఫుట్‌బాల్, క్రికెట్ నేర్పుతారు. 2010లో నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూలు వచ్చింది. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అక్కడ జరిగాయి. అక్కడ నీళ్ల విరామంలో బైబిల్ కథ ఉండదు. చర్చి యూత్ శిబిరాన్ని దానితో పోల్చి చూడటం న్యాయం కాదనుకోండి. విరాళాలు పోగేసి నాలుగు బంతులు కొన్న కుర్రాళ్లకూ కొన్ని దశాబ్దాల సంస్థకూ పొంతనేముంది? కానీ అనంతపురం తల్లిదండ్రులకు పోలిక కళ్లముందే ఉంది, వాళ్లు పోల్చి చూస్తారు.

ఇప్పుడున్న శిబిరాల రూపం మాత్రం ఈ రెండు దారులదీ కాదు, అమెరికా నుంచి ఈమధ్య వచ్చినది. అక్కడ క్రైస్తవ క్రీడాకారుల ఫెలోషిప్ 1954లో, చర్చి జిమ్‌లలో పిల్లల లీగులు నడిపే అప్‌వర్డ్ సంస్థ 1995లో మొదలయ్యాయి. మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న వీబీఎస్‌కు, అంటే సెలవుల బైబిల్ బడికి, ఆటలు అతికించి అలాంటిదే తయారుచేసుకున్నాం. వాళ్ల లీగుకు పిల్లల్ని చేర్చేటప్పుడు తల్లిదండ్రులు ఫారం నింపి, ఫీజు కట్టి, సంతకం పెడతారు. ఏ చర్చి, మధ్యలో ఏం చెబుతారు అన్నీ ముందే తెలుసు. మనవాళ్లు పాటలు తెచ్చుకున్నారు, టీషర్టులు తెచ్చుకున్నారు, ఆ ఫారం మాత్రం అక్కడే వదిలేశారు. బయటి అభ్యంతరంలో సగం ఆ ఒక్క కాగితంతో తీరిపోయేది.

ఇంకో మార్పు నేలకు సంబంధించినది. ఒకప్పుడు ఈ ఆటలన్నీ మిషన్ కాంపౌండ్ గోడ లోపలే జరిగేవి. లోపలికి వచ్చిన పిల్లవాడికి అది ఎవరి స్థలమో తెలుసు. మిషన్ ఆస్తుల మీద కోర్టు కేసులు, రోడ్డువైపు లేచిన షాపులు తెలుగు నాట కొత్త సంగతులు కావు. మైదానం చిక్కిపోయిన చోట యూత్ వాళ్లు గవర్నమెంటు హైస్కూలు గ్రౌండ్ అడుగుతున్నారు. అక్కడ 28వ అధికరణం ఎదురవుతుంది: పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదు; ఎయిడెడ్ స్కూలైతే మైనర్ పిల్లలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. సెలవుల్లో బయటివాళ్లు పెట్టుకున్న ఆటల శిబిరానికి ఇది ఎంతవరకు వర్తిస్తుందని లాయర్లు వాదించుకోవచ్చు. హెడ్మాస్టర్ మాత్రం అంతదాకా రానివ్వడు. గ్రౌండ్ ఇస్తాను, ప్రార్థన పెట్టబోమని రాసివ్వండి అంటాడు. రాసిచ్చి ఆడించే సంఘాలున్నాయి, ఆ మాట రాయడం ఇష్టం లేక శిబిరమే మానుకున్న సంఘాలూ ఉన్నాయి.