అల ఎటు నుంచి వచ్చింది? బోయా చెప్పేవి అయిదు అంకెలే

విశాఖ తీరానికి ఆవల సముద్రంపై తేలే కొలత పరికరం బోయా నుంచి హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఇన్‌కాయిస్‌కు అలల సమాచారం అందుతుంటుంది. అల ఎత్తెంత, ఎన్ని సెకన్లకొకటి వస్తోంది అన్నవి తేల్చడం సులువే. దిక్కు దగ్గరే చిక్కంతా.

దీనికి దారి చూపింది బ్రిటన్ జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ. తూర్పు నుంచి అల వస్తుంటే, బోయా పైకి లేస్తున్నప్పుడు దాని తూర్పు అంచు ఎత్తుగా ఉంటుంది, కిందికి దిగుతున్నప్పుడు పడమటి అంచు లేస్తుంది. ఈ లేవడాన్నీ, రెండు వైపుల వాలునూ కలిపి లెక్కగట్టి దిశ రాబట్టే పద్ధతిని ఆ సంస్థ శాస్త్రవేత్తలు లాంగే-హిగిన్స్, కార్ట్‌రైట్, స్మిత్ 1963లో ప్రచురించారు. అయితే ఒక్కో పౌనఃపున్యానికి, అంటే అలలు వచ్చే ఒక్కో వేగపు లయకు, చేతికొచ్చేవి అయిదు అంకెలే. ఒకటి అలల శక్తిది, నాలుగు దిశవి. 360 డిగ్రీల్లో ఆ శక్తి ఎలా పంచుకుని ఉందో వాటితోనే ఊహించాలి. ఆ అయిదింటికీ సరిపోయే చిత్రాలు ఎన్నైనా గీయొచ్చు.

సగటు దిశ చెప్పి ఊరుకుంటే ప్రమాదం. అన్నే సెకన్లకొకటి వచ్చే అలలు సమాన బలంతో దక్షిణం నుంచీ, తూర్పు నుంచీ వస్తే సగటు ఆగ్నేయమని వస్తుంది. అటు నుంచి ఒక్క అలా రాకపోయినా సరే!

1963 నాటి పద్ధతిలో ఇరుకైన దిశలో వచ్చే అలలు కూడా వెడల్పుగా పరుచుకున్నట్లు కనిపించేవి. తర్వాతి సాయం భూకంప శాస్త్రం నుంచి అందింది. అమెరికాలోని మోంటానాలో పరిచిన భూకంప గ్రాహకాల కోసం కేపన్ అనే శాస్త్రవేత్త 1969లో రూపొందించిన గరిష్ఠ సంభావ్యతా పద్ధతిని అలలకూ వాడారు. ఒక్కో దిశ నుంచి వచ్చే సంకేతాన్ని అలాగే ఉంచి, మిగతా దిశలవి వీలైనంత అణచడం దీని కిటుకు. దాంతో చిత్రం పదునెక్కింది. కానీ ఆ చిత్రం నుంచి వెనక్కి లెక్కేస్తే మొదటి అయిదు అంకెలు రావు. ఆ తేడాను మళ్లీ మళ్లీ సవరిస్తూ సరిచేసే విధానాన్ని ఓల్ట్‌మన్-షే, గూజా 1984లో బోయాలకు అన్వయించారు.

1986లో నార్వేకి చెందిన లీగ్రె, క్రోగ్‌స్టాడ్ గరిష్ఠ ఎంట్రోపీ పద్ధతిని తెచ్చారు. అంకెలు చెప్పనిదాన్ని వీలైనంత తక్కువగా ఊహించడం దీని సూత్రం. ఇది అయిదు అంకెలనూ తు.చ. తప్పకుండా పాటిస్తుంది, దగ్గర దగ్గర దిశలనూ విడదీస్తుంది. అయితే ఒకే దిశ నుంచి వచ్చే అలలను ఒక్కోసారి రెండుగా చీల్చి చూపిస్తుంది. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు. రేవు గోడ ఎటు కట్టాలో నిర్ణయించే ఇంజినీరు చిత్రంలో కనిపించే ఆ రెండో దిశను నిజమని నమ్మితే లెక్క మొత్తం తారుమారవుతుంది.

ఇప్పుడు జీపీఎస్‌తో కదలికలను పట్టే చిన్న బోయాలు వచ్చాయి. వాటి నుంచీ దక్కేవి ఆ అయిదే. అందుకే అమెరికా జాతీయ డేటా బోయా కేంద్రం శక్తి వర్ణపటంతో (ఏ పౌనఃపున్యంలో ఎంత శక్తి ఉందో చెప్పేది) పాటు దిశకు సంబంధించిన నాలుగు విలువలనూ విడిగా ప్రచురిస్తుంది. ఏ పద్ధతితో చిత్రం గీయాలన్నది వాడుకునేవారే తేల్చుకోవచ్చు.