లెబ్రాన్‌ను ఇప్పటికీ వదలని 2011

బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ గొప్పతనం గురించి మాట మొదలైతే అది మైకేల్ జోర్డాన్ దగ్గరికే చేరుతుంది. జోర్డాన్ అమెరికా లీగ్ ఎన్‌బీఏలో 6 ఫైనల్స్ (టైటిల్ తేల్చే సిరీస్‌లు) ఆడి ఆరూ గెలిచాడు. లెబ్రాన్ 10 ఆడి 4 గెలిచాడు. ఓడిన ఆరింటిలో ఐదింటి గురించి ఎలాగోలా సర్దిచెప్పుకోవచ్చు. 2007లో క్లీవ్‌లాండ్ జట్టులో అతను తప్ప చెప్పుకోదగ్గ స్టార్ లేడు. 2015లో తోటి స్టార్లు ఇద్దరూ గాయపడ్డారు. 2011కి మాత్రం అలాంటి సాకు లేదు.

కీలక క్షణాల్లో వెనక్కి తగ్గుతాడన్న విమర్శ అంతకుముందే ఉంది. 2007 ఈస్ట్ ఫైనల్స్ (అసలు ఫైనల్స్‌కు ముందు సిరీస్) మొదటి మ్యాచ్‌లో, డెట్రాయిట్ మీద చివరి క్షణాల్లో తను షాట్ వేయకుండా మూలలో ఖాళీగా ఉన్న తోటి ఆటగాడు డోనియెల్ మార్షల్‌కు బంతి ఇచ్చాడు. ఆ షాట్ పడలేదు. స్టార్ అన్నవాడు తనే వేయాలి కదా అని తిట్టారు. నా దృష్టిలో అది సరైన పాస్. అదే సిరీస్ ఐదో మ్యాచ్‌లో అతను 48 పాయింట్లు కొట్టాడు, జట్టు చేసిన చివరి 25 పాయింట్లూ అతనివే. భయపడేవాడు ఆడే ఆట కాదది.

2010 జులై 8న టీవీ లైవ్‌లో మయామీకి వెళ్తున్నట్టు ప్రకటించడంతో కథ మారింది. జట్టు మారే హక్కు అతనికి ఉంది. ఆ కార్యక్రమం మీద వచ్చిన డబ్బు పిల్లల క్లబ్బులకే వెళ్లింది. కానీ అతను పుట్టిన ఆక్రన్ క్లీవ్‌లాండ్‌కు పక్కనే. సొంత ఊరివాడు అందరూ చూస్తుండగా వదిలేసి వెళ్తే ఆ జనానికి కడుపు మండదా? జెర్సీలు తగలబెట్టారు. మయామీ స్వాగత సభలో ఎన్ని టైటిళ్లు గెలుస్తామో వేళ్ల మీద లెక్కపెట్టి ఏడు దాటించడం మంటలో నూనె పోసింది.

ఇక 2011 ఫైనల్స్. డల్లాస్ కొన్నిసార్లు జోన్ డిఫెన్స్ వేసింది, అంటే మనిషిని కాకుండా కోర్టులో ఒక్కో చోటును కాపలా కాసింది. దూరం నుంచి వేస్తే వేసుకోమని వదిలేసి, లోపలికి వచ్చే దారి మూసింది. రెండో మ్యాచ్‌లో నాలుగో క్వార్టర్‌లో 15 పాయింట్ల ఆధిక్యం చేజార్చుకుని మయామీ ఓడింది. నాలుగో మ్యాచ్‌లో లెబ్రాన్ కొట్టింది 8 పాయింట్లే. ఆరు మ్యాచ్‌ల నాలుగో క్వార్టర్లన్నీ కలిపితే 18. 2007లో ఖాళీగా ఉన్నవాడికి పాస్ ఇవ్వడం వేరు, ఇప్పుడు బంతి ఇచ్చేసి దూరంగా నిలబడిపోవడం వేరు. ఈ తేడా పట్టించుకోని విమర్శకులు రెంటినీ ఒకే గాటన కట్టి పిరికివాడన్నారు. అసలు లోపం చాలా స్పష్టం: తనకంటే పొట్టివాడు, బక్కవాడు కాపలా కాస్తున్నా బాస్కెట్ దగ్గర వీపు ఆనించి ఆడే ఆట అతని దగ్గర సరిగ్గా లేదు.

ఓడిన రాత్రి అతని జవాబు బాగాలేదు. నేను ఓడాలని కోరుకున్నవాళ్లు రేపు లేస్తే మళ్లీ తమ పాత జీవితంలోకే, తమ పాత కష్టాల్లోకే లేస్తారు అన్న అర్థంలో మాట్లాడాడు. అభిమానులకు కూడా అది గుచ్చుకుంది.

అసలు జవాబు ఆ వేసవిలో హ్యూస్టన్‌లో మొదలైంది. అలా బాస్కెట్ దగ్గర వీపు ఆనించి ఆడే పోస్ట్ ఆటలో మేటి హకీమ్ ఒలాజువాన్ దగ్గరికి వెళ్లి పాఠాలు నేర్చుకున్నాడు. అప్పటికే రెండుసార్లు ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడు) అయిన మనిషి! నన్ను కదిలించేది అదే. ఆ డిసెంబర్‌లో తనే ఒప్పుకున్నాడు: పోయిన సీజనంతా జనానికి ఏదో నిరూపించాలని కోపంతో ఆడాను, నేను అలాంటి ఆటగాడిని కాదు అని. 2012లో త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) తగ్గించి బాస్కెట్ దగ్గరికి జరిగాడు. ఈస్ట్ ఫైనల్స్‌లో, బోస్టన్‌లో ఆడిన, ఓడితే ఇంటికే అన్న ఆరో మ్యాచ్‌లో 45 పాయింట్లు, 15 రీబౌండ్లు (పడని షాట్ల బంతిని అందుకోవడం). ఆ ఏడాది ఫైనల్స్‌లో ఓక్లహోమా సిటీ మీద 4-1తో మొదటి టైటిల్.

ఫ్రీ త్రోల (ఫౌల్‌కు అడ్డు లేకుండా వేసే షాట్ల) లోపం మాత్రం పోలేదు. కెరీర్ మొత్తం మీద నాలుగింటిలో దాదాపు ఒకటి తప్పుతూనే ఉంది. ఆ విమర్శ న్యాయమైనదే.

2007 ఫైనల్స్‌లో అతన్ని ఓడించిన శాన్ ఆంటోనియో 2013 ఫైనల్స్‌లో మళ్లీ ఎదురైంది. అప్పట్లో చేసినట్టే వెనక్కి జరిగి, దూరం నుంచి వేసుకోమని వదిలేసింది. ఏడో మ్యాచ్‌లో లెబ్రాన్ 5 త్రీలు వేశాడు, 37 పాయింట్లు కొట్టాడు. అర నిమిషం కూడా మిగలనప్పుడు మ్యాచ్‌ను తేల్చిన షాట్ కూడా వాళ్లు వదిలేసిన ఆ దూరం నుంచి వేసిన జంప్ షాటే.